సీసా లేని ఊళ్లో రుచి మీమాంస

బమ్రోలి రోడ్డు మీద మద్యం దుకాణం ఉండదు. సూరత్‌కు దక్షిణాన, పాండేసరా మిల్లులకూ ఉధనా మగ్గాలకూ ఆనుకుని ఉన్న ఈ పేటలో టీ బండ్లున్నాయి, పాన్ డబ్బాలున్నాయి, నూలు గోదాములున్నాయి, రాత్రీ పగలూ తేడా లేకుండా తటతటలాడే సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉన్నాయి. లేనిది అదొక్కటే. గుజరాత్‌లో మద్యనిషేధం అమల్లో ఉంది గనక. తెలంగాణ జిల్లాల నుంచి నేతపని కోసం సూరత్ చేరి తరాలుగా ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలకు ఇదేమీ కొత్త సంగతి కాదు. నగరపాలక సంస్థ నడిపే తెలుగు బడుల్లో చదువుకున్న పిల్లలు కొందరు, వైన్‌షాపు బోర్డును మొదటిసారి సెలవులకు తాతగారి ఊరు వెళ్లినప్పుడే చూస్తారు.

ఇరవై ఏళ్లుగా ఇక్కడ మగ్గం నడుపుతున్న మనిషి ఒక్క చుక్క ముట్టలేదనుకుందాం. అది అతని నిగ్రహమా, సర్కారు నిగ్రహమా? పుణ్యమంటూ ఉంటే ఎవరి ఖాతాలో పడాలి? ఇది కొంటె ప్రశ్నలా వినిపిస్తుంది గానీ మన శాస్త్రాలు దీన్ని ఆషామాషీగా తీసుకోలేదు. భగవద్గీత రెండో అధ్యాయం 59వ శ్లోకంలో కృష్ణుడు తేల్చి చెప్పింది ఇదే. ఆహారం మానేసినవాడి నుంచి విషయాలు, అంటే ఇంద్రియాలు కోరే వస్తువులు, తొలగిపోతాయి గానీ వాటి మీది రసం, అంటే రుచి, తొలగిపోదు. పరమాన్ని చూసినప్పుడే అదీ పోతుంది. మూడో అధ్యాయం ఆరో శ్లోకం ఇంకా కటువు. కాళ్లూ చేతులూ కట్టేసుకుని, మనసులో మాత్రం ఆ విషయాలనే నెమరేసుకునేవాణ్ణి మిథ్యాచారుడంది.

అంటే సీసాను తీసేయడం ఒక పని, రుచిని తీసేయడం వేరే పని. మొదటిది ఎక్సైజు శాఖ చేయగలదు. రెండోది ఎవరు చేయాలి, అసలు చేయాలా అన్నది తేలాలంటే ముందు రుచి అంటే ఏమిటో తెలియాలి. దాన్ని అతి సూక్ష్మంగా విడదీసి, కొలిచి, పేర్లు పెట్టి, పోల్చి చూసే వృత్తి లోకంలో ఒకటుంది. స్కాట్లండ్ సింగిల్ మాల్ట్ విస్కీలను పరీక్షించేవాళ్ల వృత్తి అది. మద్యం లేని బమ్రోలి నుంచి మద్యాన్ని తూచేవాళ్ల గదిలోకి వెళ్లడం కాస్త విడ్డూరమే. అయినా ఈ మీమాంసకు అంతకంటే పనికొచ్చే చోటు కనిపించదు.

సూరత్‌కు మద్యంతో పరిచయం లేదనుకోవడమూ పొరపాటే. సిరియాలోని అలెప్పో నుంచి అజ్మీర్‌లోని జహంగీర్ కొలువు దాకా నడిచొచ్చిన ఇంగ్లీషు యాత్రికుడు థామస్ కోర్యాట్ 1617 డిసెంబరులో ఈ ఊళ్లోనే చనిపోయాడు. అప్పటికే రక్తవిరేచనాలతో నీరసించి ఉన్నాడు. ఇంగ్లీషు వర్తకులు తమ దేశం నుంచి వచ్చిన సాక్ అనే వైన్ ఉందనగానే ఆశపడి తాగాడు, రోగం ముదిరింది. వేల మైళ్లు నడిచిన కాళ్లను ఓడించింది చివరికి నాలిక. 1638లో సూరత్ వచ్చిన జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో, ఇక్కడి ఇంగ్లీషువాళ్లు సారాయిలో పన్నీరు, నిమ్మరసం, చక్కెర కలుపుకుని తాగుతున్నారని రాసిపెట్టాడు. తర్వాత యూరప్ అంతా పంచ్ అని తాగిన పానీయం గురించి దొరికే తొలి వర్ణనల్లో అదొకటి.

ఇప్పుడున్న చట్టం 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం. 1960 మే 1న గుజరాత్ విడిపోయినప్పుడు దాన్ని వెంట తెచ్చుకుంది. 2011లో పేరులోని బొంబాయి పోయి గుజరాత్ వచ్చింది. బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లకు పర్మిట్ ఇస్తారు. స్థానికుడికైతే ఆరోగ్య కారణాల మీద వైద్యుల సిఫారసుతో పర్మిట్ ఉంది. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా నిషేధం నడిచినప్పుడూ ఇలాగే మందు చీటీ మీద విస్కీ దొరికేది. ఐలా ద్వీపపు లఫ్రోయిగ్‌ను అయోడిన్ వాసన చూసి కస్టమ్స్‌వాళ్లు నిజంగానే ఔషధమనుకున్నారని విస్కీ లోకంలో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. రోగికి అమృతం, ఆరోగ్యవంతుడికి నేరం అన్న ఈ ఏర్పాటును చూసి చరకుడైతే తలపట్టుకునేవాడు. చరకసంహిత చికిత్సాస్థానంలో మదాత్యయ అధ్యాయం మద్యాన్ని అన్నంతో సమానంగా చూస్తుంది. యుక్తిగా తీసుకుంటే అమృతం, యుక్తి తప్పితే రోగం అంటుంది. ఆ యుక్తి ఎంత అన్నది ఆయన వైద్యుడికీ తాగేవాడికీ వదిలాడు, తహసీల్దారుకు కాదు.

ఇక రుచి చూసే గదిలోకి వెళదాం. తులిప్ మొగ్గలా అడుగున ఉబ్బి పైన ముడుచుకున్న చిన్న గాజు గ్లాసులు వరసగా ఉంటాయి. ఒక్కో దాంట్లో రెండు చెంచాలకు మించదు. మీద మూత, దాని మీద అంకె, అంతే; పేరుండదు. కొన్నిచోట్ల గాజు నీలంగా ఉంటుంది, ఎందుకంటే రంగు అబద్ధమాడుతుంది. విస్కీ ముదురుగా కనబడాలని కారమెల్ రంగు కలపడాన్ని స్కాచ్ విస్కీ నిబంధనలు ఒప్పుకుంటాయి. ముదురు రంగు చూడగానే చూసేవాడికి పాతదన్న భ్రమ కలుగుతుంది. పరీక్షకుడు నీళ్లు పోసి ఆల్కహాల్‌ను ఇంచుమించు 20 శాతానికి దించుతాడు, ఘాటు ముక్కును మొద్దుబార్చకుండా. నోరు కొద్దిగా తెరిచి వాసన పీలుస్తాడు. నాలుగైదు గ్లాసులయ్యాక ముక్కు అలసిపోతే తన మోచేతి చర్మాన్నే ఒకసారి వాసన చూసుకుంటాడు. అలవాటైన వాసన దగ్గరికి వెళ్లి రావడం, అంతే. బ్లెండర్ల పనిలో ఎక్కువ భాగం ముక్కుతోనే జరిగిపోతుంది. నోట్లో పోసుకున్నా ఉమ్మేస్తారు. రోజుకు వందల నమూనాలు చూసేవాడు మింగుతూ పోతే మధ్యాహ్నానికి ఉద్యోగం ఉండదు.

ఈ దృశ్యం గీతా పాఠకుణ్ణి కాసేపు నిలబెట్టాలి. ఇక్కడ విషయాన్ని దాదాపు వదిలేసి రసాన్ని మాత్రం పట్టుకున్నాడొక మనిషి. కృష్ణుడు చెప్పిన సాధకుడికి సరిగ్గా తలకిందులు. అయినా ఇద్దరికీ కావలసిన తయారీ ఒకటే. కడుపులో కోరిక ఉన్నవాడు పరీక్షకుడిగా పనికిరాడు.

స్కాట్లండ్ విస్కీకి 2009లో వచ్చిన నిబంధనలు అయిదు ప్రాంతాల పేర్లకు రక్షణ ఇచ్చాయి: హైలండ్, లోలండ్, స్పేసైడ్, కాంప్‌బెల్‌టౌన్, ఐలా. సింగిల్ మాల్ట్ అనిపించుకోవాలంటే కాచడానికి మొలకెత్తించిన బార్లీ, నీళ్లు, ఈస్ట్ తప్ప మరేదీ వాడకూడదు. ఒకే భట్టీలో, రాగి పాత్రల్లో కాచి దించాలి, స్కాట్లండ్‌లోనే ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు ఉంచాలి, 40 శాతానికి తగ్గకూడదు. ఈ అయిదింటిలోకీ ఎక్కువ భట్టీలు స్పేసైడ్‌లోనే ఉన్నాయి. గ్లెన్‌ఫిడిక్, గ్లెన్‌లివెట్, మకాలన్ అక్కడివే. అక్కడి విస్కీల్లో యాపిల్, తేనె వాసనలు, షెర్రీ పీపాలో నిలవుంటే ఎండుద్రాక్ష వాసన వస్తాయంటారు. లోలండ్‌వి తేలిక, అక్కడి ఆకెంటోషన్ రెండుసార్లు కాదు, మూడుసార్లు కాచి దించుతారు. కాంప్‌బెల్‌టౌన్‌లో ఒకప్పుడు ఇరవైకి మించి భట్టీలుండేవి, ఆ తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి. స్ప్రింగ్‌బ్యాంక్ వాటిలో పేరున్నది. ఐలా ద్వీపం దక్షిణ తీరాన పక్కపక్కనే ఉన్న లఫ్రోయిగ్, లాగవులిన్, ఆర్డ్‌బెగ్‌లైతే పొగ, తారు, సముద్రపు నాచు, ఆసుపత్రి వరండా.

ఈ పొగ సంగతి దగ్గర మనవాడొకడు గుర్తుకొస్తాడు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు ఆంధ్రుడని పండితుల మాట. దేశమంతటా తర్కం నేర్చుకునే పిల్లలు మొదట పట్టే పుస్తకం అది. న్యాయవైశేషికుల లెక్కలో గంధం భూమికి మాత్రమే ఉన్న గుణం. నీటికి రుచి ఉంది, అదీ తీపి ఒక్కటే; ఆరు రుచులూ భూమిలోనే ఉంటాయి. నీళ్లలో వాసన వస్తోందంటే అందులో మట్టి అణువులు కలిశాయన్నమాట. విస్కీ కంపెనీలు చాలాకాలం తమ సెలయేటి నీళ్ల గురించే గొప్పలు చెప్పుకున్నాయి. ఇప్పుడు ఆ రంగంలోని వాళ్లే ఒప్పుకునేది ఏమంటే, రుచిలో నీటి పాత్ర చాలా కొద్ది. బార్లీ, ఈస్ట్, కాచే తీరు, పీపా, పొగ, ఇవే అసలువి. ఆ పొగ పీట్‌ది. బురదనేలల్లో వేల ఏళ్లుగా పోగుపడి సగం కుళ్లిన నాచూ గడ్డీ గడ్డకట్టి పీట్ అవుతుంది. దాన్ని కోసి, ఎండబెట్టి, మొలకెత్తిన బార్లీ కింద మంటపెడతారు. పొగలోని ఫినాల్స్ గింజకు పడతాయి. ఆర్డ్‌బెగ్ వాడే మాల్ట్‌లో అవి పది లక్షల్లో 55 వంతులు. ఆక్టోమోర్ అనే విస్కీ రకాల్లో ఎక్కువవాటికి వంద దాటతాయి. గంధం భూమిదేనన్న మాట ఇక్కడ అక్షరాలా చెల్లింది. అన్నంభట్టు విస్కీ తాగి ఉండడు గానీ ఐలా వాసన ఎక్కడిదో ఆయన చెప్పగలిగేవాడు.

తేడా నిజమే. అయితే తేడాకు పెట్టిన పేరు ఎంత నిజం?

ఐలా అంటే పొగ అని బట్టీపట్టినవాడికి అదే ద్వీపం ఉత్తరాన తయారయ్యే బునహావెన్ ఇస్తే బిత్తరపోతాడు; దాని మామూలు రకంలో పొగ దాదాపు ఉండదు. స్పేసైడ్ అంటే తేనె అనుకున్నవాడికి బెన్‌రియాక్‌వాళ్ల పొగ రకం పోస్తే ఐలా అని ప్రమాణం చేస్తాడు. స్కై ద్వీపపు టాలిస్కర్, ఆర్క్‌నీ ద్వీపపు హైలండ్ పార్క్ సముద్రం మధ్య ఉండి కూడా నిబంధనల ప్రకారం హైలండ్ కిందికే వస్తాయి. ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతుకు మట్టీ కుండా ఉదాహరణ చెబుతాడు. కుండ, మూకుడు, దీపపు ప్రమిద అన్నవి మాటతో వచ్చిన వికారాలు, ఉన్నది మట్టి. ఇక్కడ ఆ పోలికను పూర్తిగా అన్వయిస్తే తప్పవుతుంది, ఎందుకంటే 55 వంతుల ఫినాల్ మాటతో వచ్చింది కాదు. కానీ సీసా మీది ప్రాంతం పేరు చాలావరకు అలాంటిదే.

పేరు నాలికను ఎంత మోసం చేస్తుందో చూసినవాళ్లున్నారు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో 54 మంది రుచి పరీక్షకుల ముందు తెల్ల వైన్ ఒకటి, అదే వైన్‌కు వాసన లేని ఎరుపు రంగు కలిపింది ఒకటి పెట్టారు. ఎర్రదాన్ని వర్ణించడానికి వాళ్లు ఎర్ర వైన్‌కు వాడే మాటలే వాడారు. ఆ ఫలితాలు 2001లో అచ్చయ్యాయి. 2008లో అమెరికా పరిశోధకులు ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదనీ ఒకసారి 90 డాలర్లదనీ చెప్పి తాగించి మెదడును స్కాన్ చేశారు. 90 డాలర్లదనుకున్నప్పుడు ఎక్కువ బాగుందని చెప్పడమే కాదు, హాయి తెలిపే మెదడు భాగం కూడా ఎక్కువ వెలిగింది. వాళ్లు కోతలు కోయలేదన్నమాట. నిజంగానే ఎక్కువ బాగుంది! మాయ అంటే లేనిది కనబడటం అని తేలిగ్గా అనేస్తాం. ఇక్కడ మాయ హాయిని కూడా పుట్టిస్తోంది.

ఇంకో కథ ఉంది, దీన్ని ఏ హరికథలోనైనా పెట్టుకోవచ్చు. 2017లో స్విట్జర్లండ్‌లోని ఒక హోటల్లో చైనా నుంచి వచ్చిన రచయిత ఒకాయన 1878 నాటి మకాలన్ అని రాసున్న సీసా నుంచి ఒక్క గ్లాసు తాగాడు. ఆ గ్లాసు ధర ఇంచుమించు 10,000 స్విస్ ఫ్రాంకులు. తర్వాత అనుమానమొచ్చి నమూనాను స్కాట్లండ్ ప్రయోగశాలలకు పంపితే, అది 1970 తర్వాత కాచిందని, పైగా సింగిల్ మాల్ట్ కాదు, మామూలు బ్లెండ్ అని తేలింది. హోటలాయన డబ్బు తిరిగి ఇచ్చేశాడు. మరుసటేడు స్కాట్లండ్‌లోనే కార్బన్ పరీక్ష చేసిన 55 అరుదైన సీసాల్లో 21 నకిలీవి, లేదా సీసా మీద చెప్పిన ఏడాదివి కావు. ఆ రచయిత ఆ రాత్రి తాగినదేమిటి? నాలిక మీద పడింది బ్లెండ్. మనసు తాగింది 1878. ధర కట్టింది రెండోదానికి. గీత చెప్పిన రసం, విషయం పోయినా వదలని రసం, ఈ రెండోదే అయి ఉండాలి. పీట్ పొగను గుర్తుపట్టడం ఒట్టి జ్ఞానం. అందరికీ దొరకనిది నాకు దొరికిందన్న పులకరింత వేరే సరుకు.

ఈ వేరుచేయడం గురించి స్కాట్లండ్‌వాడే ఒకడు 1757లో అడిగాడు. డేవిడ్ హ్యూమ్ రుచికి ప్రమాణం ఉందా అని వ్యాసం రాస్తూ, డాన్ కిహోటే నవలలో సాంకో పాంజా చెప్పిన కథను తెచ్చుకున్నాడు. సాంకో బంధువులిద్దరిని పీపాలోని వైన్ రుచి చూడమన్నారు. బాగుంది గానీ కాస్త తోలు రుచి తగిలిందన్నాడొకడు. బాగుంది గానీ ఇనుము తగిలిందన్నాడు రెండోవాడు. అందరూ నవ్వారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలుతాడు కట్టిన పాత ఇనప తాళంచెవి దొరికింది. కాబట్టి రుచి ఒట్టి ఇష్టాయిష్టాల వ్యవహారం కాదు, పీపాలో తాళంచెవి ఉంటుంది అన్నది హ్యూమ్ వాదం. మంచి నిర్ణేతకు కావలసినవిగా ఆయన చెప్పిన వాటిలో సాధన, పోల్చి చూసే అలవాటు, పక్షపాతం లేకపోవడం ఉన్నాయి. ఈ చివరిది సంపాదించడమే గగనం.

సూక్ష్మమైన తెలివికి సొంతం చేసుకోవాలన్న యావ అక్కర్లేదని బమ్రోలి సాంచాల దగ్గర ఏ రోజైనా చూడొచ్చు. మగ్గం మీంచి దిగిన గుడ్డ తాకాను నేతగాడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నలిపి దారం ఎన్ని డెనియర్లదో, పోగు ఎక్కడ వదులైందో చెబుతాడు. ఆ గుడ్డ రంగు మిల్లుకు పోయి, చీరై, దేశం మీద పడుతుంది. అతను దాన్ని కట్టడు, కొనడు, ఆశపడడు. అయినా అతని వేళ్లకు తెలిసినంత కొన్నవాళ్లకు తెలియదు. విస్కీ బ్లెండర్ ముక్కూ ఇదే జాతిది. ఇలాంటి తెలివిని నిగ్రహానికి శత్రువుగా చూడటం మన ఆస్తిక సంప్రదాయంలో ఒక పాయ చేసిన పని, అంతా అలా చేయలేదు. భరతుడు నాట్యశాస్త్రంలో రసాన్ని వివరించడానికి ఎంచుకున్నది భోజనాన్నే: పలు వ్యంజనాలతో కూడిన అన్నాన్ని మంచి మనసుతో ఆస్వాదించేవాడు ప్రేక్షకుడికి ఉపమానం. వెయ్యేళ్ల కిందట దానికి వ్యాఖ్య రాసిన కాశ్మీర శైవుడు అభినవగుప్తుడు, నాది అన్న పట్టు సడలినప్పుడే రసానుభవం కలుగుతుందన్నాడు. ఆయనే తంత్రాలోకంలో మద్యంతో జరిగే కులయాగం గురించీ రాశాడు. ఇటు చూస్తే మహాభారతం ఆదిపర్వంలో శుక్రాచార్యుడు, తన శిష్యుడు కచుడి బూడిద కలిపిన సురను తెలియక తాగేసి, తెలివొచ్చాక బ్రాహ్మణుల పాలిట సురాపానాన్నే శపించాడు. ఆ శాపం రుచి మీద కాదు. మైకంలో ఏం మింగుతున్నాడో తెలియకపోవడం మీద.

తెలంగాణ పల్లెల్లో ఇవేవీ చదవకుండానే ఈ రెండు పాయలూ కలిసి నడిచాయి. మోకు, ముత్తాదు కట్టి తాడెక్కే గౌడన్నకు పరుపుతాడు, పోద్దాడు, పండుతాడు కాలాన్ని బట్టి వేరువేరు. ఈతకల్లు వేరు, తాటికల్లు వేరు. వాడికగా తాగేవాళ్లు ఫలానా చెట్టు కల్లు లొట్టే కావాలని పట్టుబట్టడం ఊళ్లల్లో వింత కాదు. స్కాట్లండ్‌వాళ్లు ఒకే భట్టీ అని మురిసిపోతే ఇక్కడ ఒకే చెట్టు. బోనాల్లో అమ్మవారికి సాక పోసేటప్పుడు కల్లూ పోస్తారు. దేవతకు నైవేద్యమైనది మనిషికి పాపమెలా అయిందని ఎల్లమ్మ గుడి ముందు నిలబడి ఎవరూ అడగరు. ఆ ప్రశ్న పట్నాల్లో పుట్టింది. సూరత్ చేరిన తెలుగువాళ్లు బతుకమ్మను వెంట తెచ్చుకున్నారు, మార్కండేయుణ్ణి తెచ్చుకున్నారు. లొట్టిని మాత్రం చట్టబద్ధంగా తెచ్చుకునే వీలు లేకపోయింది.

అయితే రుచి గురించి ఎంత గొప్పగా మాట్లాడినా ఒకచోట నోరు మూసుకోవాలి. 2022 జూలైలో గుజరాత్‌లోని బోటాద్ ప్రాంతంలో నీళ్లలో మిథనాల్ కలిపి అమ్మింది తాగి 40 మందికి పైగా చనిపోయారు. 2009 జూలైలో అహ్మదాబాద్‌లో చచ్చిపోయినవాళ్లు 130 మందికి పైనే. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది రెక్కాడితే గానీ డొక్కాడని మనుషులు. మిథనాల్ రుచీ వాసనా మామూలు ఆల్కహాల్‌కు దగ్గరగా ఉంటాయి. పది లక్షల్లో కొన్ని వంతుల పొగను పట్టేసే ఇంద్రియం ప్రాణం తీసేదాన్ని పట్టలేదు. నిషేధం ఉన్న ఊళ్లో డబ్బున్నవాడికి పర్మిటుంది, గోవా టికెట్టుంది, 2023 డిసెంబరు నుంచి గాంధీనగర్ పక్కనున్న గిఫ్ట్ సిటీలో అనుమతులతో హోటళ్లూ ఉన్నాయి. పేదవాడికి ప్లాస్టిక్ సంచీలో దొంగసారా. రసం గురించి కృష్ణుడు చెప్పింది ఇద్దరికీ వర్తిస్తుంది గానీ విషయం మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు.

అందుకని నిషేధం ఎత్తేయాలా? అలా తేల్చేవాళ్లు నెల్లూరు జిల్లా దూబగుంటను మరచిపోతున్నారు. 1992లో ఆ ఊరి ఆడవాళ్లు రోశమ్మ ముందుండగా సారా దుకాణాన్ని మూయించారు. ఉద్యమం ఆంధ్రప్రదేశ్ అంతా పాకింది. 1993 అక్టోబరులో సారా పోయింది, 1995 జనవరిలో ఎన్.టి. రామారావు సంపూర్ణ నిషేధం తెచ్చారు, 1997లో అది సడలిపోయింది. ఆ ఆడవాళ్లు మొగుళ్ల ఆత్మోద్ధరణ కోసం పోరాడలేదు. కూలి డబ్బు ఇంటికి రావాలని, దెబ్బలు ఆగాలని అడిగారు. ఇందులో రస మీమాంస లేదు, ఉండనక్కర్లేదు. చట్టానికి అసలైన ఆధారం ఇదే, తాగేవాడి వల్ల పక్కవాళ్లకు జరిగే నష్టం. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ నష్టాన్ని ఆపడానికి పుట్టిన చట్టం మెల్లగా మేం మిమ్మల్ని సచ్ఛీలుల్ని చేస్తున్నామని చెప్పుకోవడం మొదలెట్టినప్పుడు. ఆ పని దాని చేతుల్లో లేదని గీతే చెప్పింది.

కోర్టులూ ఈ రెండిటి మధ్య హద్దు ఎక్కడ గీయాలో వెతుకుతూనే ఉన్నాయి. 1951లో బల్సారా కేసులో సుప్రీంకోర్టు బొంబాయి చట్టంలో ఎక్కువ భాగాన్ని నిలబెట్టి, ఆల్కహాల్ ఉన్న మందులనూ అత్తరు, సెంటు వంటి సరుకులనూ నిషేధించే భాగాన్ని కొట్టేసింది. ఎవరింట్లో వాళ్లు నాలుగు గోడల మధ్య తాగడం గోప్యత హక్కు కిందికి వస్తుందంటూ వేసిన పిటిషన్లు విచారణకు అర్హమైనవేనని గుజరాత్ హైకోర్టు 2021 ఆగస్టులో అంది.  గోప్యతావాదంలో పస ఉంది. కానీ అది కూడా తాగేవాణ్ణి ఒంటరిగా ఒక గదిలో ఊహించుకుంటుంది. బమ్రోలిలో అలాంటి గది దొరకడం కష్టం. ఒక్క గదిలో నలుగురైదుగురు కూలీలు షిఫ్టుల వారీగా పడుకునే ఇళ్లవి. పొద్దుటి షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు వాలతాడు.

అయినా ఇదే నిషేధం కింద, చలికాలం పొద్దున్నే దక్షిణ గుజరాత్‌లో నీరా, అంటే పులియని చెట్టు రసం, అమ్ముతారు. లైసెన్సుతో చెట్ల నుంచి దించి, గ్లాసుల్లో పోసి, ఎండెక్కేలోపు దుకాణం కట్టేస్తారు. పిల్లలూ ముసలివాళ్లూ తాగుతారు, ఎవరికీ పర్మిట్ అక్కర్లేదు. కుండ లోపల సున్నం పూయకపోతే అదే రసం గంటల్లో పులిసి కల్లవుతుంది, కల్లయిన క్షణం నుంచి నేరమవుతుంది. వేడి తగిలితే పార్థివ పదార్థాల రుచీ గంధమూ మారిపోతాయని అన్నంభట్టు ఎప్పుడో సూత్రం చెప్పాడు. ఏ నిమిషానికి మారాయన్నది మాత్రం నీరా అమ్మేవాడికి తెలుస్తుంది, అదీ రోజూ కుండ మీద వంగి వాసన చూస్తాడు గనక. తీపి తగ్గి ముక్కుకు పులుపు తగిలిందంటే ఆ కుండను పక్కన పెట్టేస్తాడు.